మూగజీవి నోట కందిరీగ



పాస్టరు ఇంటి తలుపు తట్టేవారందరూ ప్రార్థన కోసమే వస్తారని అనుకోకండి. బ్యాంకు కాగితం చదివించుకొనుటకు వస్తారు. అల్లునితో తగవు వస్తే వస్తారు. బర్రె మేత ముట్టకపోతే వస్తారు. పిల్లి కందిరీగను మింగిందని కూడా వస్తారు. గత సీతాఫలాల కాలంలో, వానలు వెనుకపట్టి చలి ఇంకా ముదరని రోజులలో, ఈ ఒక్క మాట మీద మూడు ఇండ్లవారు మా దగ్గరకు వచ్చారు. నాలుగవ ఇల్లు మాదే. ఆ నాలుగు ఇండ్లలో చూచినది, పశువైద్యులను అడిగి తెలిసికొన్నది, చదివినది కలిపి ఇక్కడ వ్రాస్తున్నాము. పిల్లి సంగతే కదా అని పేజీ త్రిప్పకండి. పిల్లి ఉన్న ఇంట పసిపిల్లలూ ఉంటారు, వృద్ధులూ ఉంటారు. పిల్లికి నొప్పి కలిగితే వారి మనస్సు నొచ్చుతుంది.

అంతటి సారం ముందే ఒక్క మాటలో చెప్పమంటే ఇది: పిల్లి కడుపులోకి పోయిన ఈగ కంటె దాని నోట దిగిన ముల్లు ప్రమాదం. ఆ ముల్లు కంటె, మనం ప్రేమతో ఆ నోట్లో వేసే మందు చాలాసార్లు ఎక్కువ ప్రమాదం.

మాది ఇందల్వాయి. రైలు స్టేషను ఉన్నది, 44వ నంబరు జాతీయ రహదారి ఉన్నది, రహదారి మీద టోల్‌గేటు ఉన్నది. సిర్నాపల్లి వైపు పోతే అడవి. కాలం వచ్చిందంటే సీతాఫలాలు గంపలకెత్తుకొని రోడ్డు ప్రక్కన అమ్ముతారు. జిల్లా అంతా చెరకు పేరు విన్న జిల్లా గనుక చెరకు రసం బండ్లకూ కొదువ లేదు. తీపి ఉన్నచోటికి తేనెటీగ వస్తుంది, కందిరీగ వస్తుంది. పండి చితికిన సీతాఫలం మీద, రసం తీసిన చెరకు పిప్పి మీద అవి ముసురుతాయి. రెక్కలాడించేది ఏది కనబడినా పిల్లి ఊరుకోదు. ముందు పంజాతో కొడుతుంది, క్రింద పడితే నోట కరచుకొంటుంది. అది దాని స్వభావం. కొట్టి మాన్పించేది కాదు.

తేనెటీగకూ కందిరీగకూ ఒక తేడా తెలిసికొనుట మంచిది. తేనెటీగ ముల్లుకు వెనుకకు తిరిగిన చిన్న చిన్న పండ్లు ఉంటాయి. అది చర్మంలో దిగితే తిరిగి రాదు. విషపు తిత్తితో సహా ఊడి అక్కడే ఉండిపోతుంది, ఈగ చచ్చిపోతుంది. ఊడిన తిత్తి కొంతసేపు విషాన్ని లోపలికి నెడుతూనే ఉంటుంది. కందిరీగ ముల్లు నున్నగా ఉంటుంది. అది ఒకచోట కుట్టి, లాగుకొని, మరొకచోట కుట్టగలదు. కాబట్టి తేనెటీగ కుట్టినచోట ముల్లు కోసం చూడాలి. కందిరీగ కుట్టినచోట సాధారణంగా ముల్లు దొరకదు గనుక వెదకుతూ పిల్లిని హింసపెట్టనక్కరలేదు.

ఇక మింగిన ఈగ సంగతి. కడుపులోకి దిగిన ఈగను పిల్లి కడుపులోని రసం మిగతా తిండిని అరిగించినట్లే అరిగిస్తుంది. విషం కూడా మాంసకృత్తుల జాతికి చెందినదే గనుక చాలామట్టుకు అక్కడే విరిగిపోతుంది. భయమంతా దారిలోనే. పెదవి మీద, నాలుక మీద, అంగిట్లో, గొంతులో కుట్టిందా అన్నదే ప్రశ్న. పంజా మీద వాస్తే పిల్లి రెండు రోజులు కుంటుతుంది. గొంతులో వాస్తే ఊపిరి దారి మూసుకొంటుంది.

మొదటి ఇల్లు మా సంఘంలోని ఒక పెద్దాయనది. ఆయన యౌవనమంతా బోధన్‌లో, శక్కర్‌నగర్‌లో గడచినది. నిజాం కాలంలో 1937లో వెలసిన ఆ చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందినది. 2015 డిసెంబరులో మూతబడినది. మూతబడుటకు ఎంతో ముందే ఆయన పని విరమించి మా ఊరికి వచ్చేశారు. మడ్డి వాసనకు వచ్చే ఈగల మధ్య బ్రతికిన మనిషి గనుక కుట్టుడు ఆయనకు లెక్క కాదు. మనుమడు పెంచే పిల్లికి పై పెదవి మీద కుడితే, ఆయన సున్నపు డబ్బా, కోసిన ఉల్లిగడ్డ పట్టుకొని కూర్చున్నారు. మనుమడు సీసాలో కిరోసిన్ తెచ్చాడు.

“అయ్యగారూ, ముప్పై ఏండ్లు ఇదే రాసుకున్నం. ఒక్కనాడు దవాఖానకు పోలేదు” అన్నారు.

“తాతా, మీరు రాసుకొని నాకలేదు కదా! ఇది రాసినదంతా నాకుతుంది” అన్నాము.

ఆయన ఆగి ఆలోచించారు. ఆ ఒక్క మాటలోనే పిల్లికీ మనిషికీ ఉన్న తేడా అంతా ఉన్నది. పిల్లి తన ఒళ్ళు తానే నాకి శుభ్రం చేసికొనే జీవి. దాని ఒంటి మీద పూసిన ప్రతిదీ నోట్లో వేసినట్లే. సున్నం తగిలితే నాలుక, నోరు కాలుతాయి. కిరోసిన్ నాకితే, దాని ఆవిరి, తుంపర ఊపిరితిత్తులలోకి పోయి అంతకంటె పెద్ద ఆపద తెస్తాయి. ఉల్లిగడ్డ, వెల్లుల్లి మనకు ఆరోగ్యమే. పిల్లికి అవి విషం. దాని నెత్తురులోని ఎర్ర కణాలను అవి చీల్చివేస్తాయి. తలనొప్పికి పూసుకొనే బాములు, జలుబుకు పీల్చే తైలాలు కూడా అంతే. వాటిలోని కర్పూరం, వింటర్‌గ్రీన్ నూనె పిల్లి శరీరం తట్టుకోలేదు. పసుపు జిల్లావారం గనుక పసుపు ముద్ద పెడదామనిపిస్తుంది. అది పెట్టినా ముల్లు రాదు, వాపు తీయదు, పిల్లి నాకుట తప్పదు. విషం చర్మం క్రిందికి దిగింది. పైన పూసిన పూత దానిని చేరదు.

ఆ రోజు మాకు పరిచయమున్న ఒక పశువైద్యునికి ఫోను చేశాము. ఆయన అడిగినవి మూడే ప్రశ్నలు. “ఊపిరి బాగున్నదా? కుట్టినది నోటి బయటా లోపలా? ముల్లు కనబడుతున్నదా?” ముల్లు కనబడుతూనే ఉన్నది, నల్లని నలుసు వలె. గోటితో ప్రక్కకు గీకేయమన్నారు. పూర్వం చాలామంది గిల్లి లాగకూడదు, తిత్తి నొక్కుకొని విషం ఎక్కువ దిగుతుంది అనేవారు. 1996లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు దీనిని పరీక్షించి వ్రాశారు. గీకినా, గిల్లినా తేడా లేదు, ఆలస్యం చేస్తేనే విషం ఎక్కువ దిగుతుంది అని తేలింది. కాబట్టి బయటికి కనబడే ముల్లును ఎట్లా వీలైతే అట్లా వెంటనే తీసివేయాలి. తరువాత మంచుముక్కను మెత్తని గుడ్డలో చుట్టి, ఒకటి రెండు నిమిషాలు ఆనించి తీసి, మళ్ళీ ఆనించాలి. పిల్లి ఒప్పుకొన్నంతసేపే. మధ్యాహ్నానికి ఆ పిల్లి మామూలయింది. పెద్దాయన సున్నం డబ్బా మళ్ళీ తన తమలపాకులకే పనికి వచ్చింది.

రెండవ ఇల్లు ఒక అవ్వది. భర్త గతించినారు. ఒక్క కొడుకు దుబాయిలో కూలి పని చేస్తున్నాడు. మా జిల్లాలో ఎన్నో ఇండ్ల కథ ఇదే. కొడుకు విమానమెక్కిన ఏడాది ఎక్కడి నుండో ఒక పిల్లి పిల్ల వచ్చి అవ్వ గడపలో కూర్చున్నది. దానికి రాణి అని పేరు పెట్టుకొన్నది. రాత్రి పూట అవ్వ మాట్లాడేది రాణితోనే. వారానికి ఒకసారి వచ్చే కొడుకు ఫోనులో మొదట అడిగేది కూడా “రాణి బాగున్నదా అమ్మా” అనే. ఆ పిల్లిని పైటలో పెట్టుకొని అవ్వ ఉదయం పదకొండు గంటలకు మా ఇంటికి వచ్చింది. పిల్లి మూతి ఒక ప్రక్క ఉబ్బింది. చొంగ కారుతున్నది. పంజాతో నోరు తోముకొంటున్నది. కందిరీగను పట్టి నమిలిందట.

అవ్వ కొంగు ముడి విప్పబోతూ, “అయ్యగారూ, నా మోకాళ్ళ నొప్పులకిచ్చిన గోళి ఉన్నది. సగం నూరి పాలల్ల కలిపి పొయ్యాల్నా?” అన్నది.

“వద్దవ్వా. ఆ ముడి విప్పకు. అది మనుషుల మందు.”

ఆ గోళి పారాసెటమాల్. ప్రతి ఇంట్లో ఉండేదే. పసిపిల్లలకు కూడా డాక్టర్లు వ్రాసేదే. అందుకే దాని మీద ఎవరికీ అనుమానం రాదు. కాని మనిషి కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపే పని ఒకటి చేస్తుంది. ఆ పని చేసే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. మందు దాని ఒంట్లో విషంగా మారి, నెత్తురు ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. చిగుళ్ళు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి. నాలుగు కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల గోళి ఒక్కటి చాలు, ప్రాణం పోవచ్చు. సగం గోళి కూడా క్షేమం కాదు. ఇంకొక సంగతి వినండి. ఈ మందు విషమించిన పిల్లికి ముఖం, పంజాలు వాస్తాయి, ఎగశ్వాస వస్తుంది. ఇంటివారు చూచి, “అయ్యో, కందిరీగ విషం ఎక్కుతున్నది” అని మరొక సగం గోళి వేస్తారు! ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి గోళీలు కూడా పిల్లికి ఇంట్లో ఇవ్వరాదు. దురదకు, అలర్జీకి మనం వేసికొనే గోళీలు కొన్ని పశువైద్యులు పిల్లులకు వాడుతారు. కాని ఏది, ఎంత అన్నది బరువు చూచి వారే చెప్పాలి. వేరే మందులు కలిసిన గోళీలూ ఉంటాయి గనుక మనమే విరిచి వేయరాదు.

అవ్వ పాలు కూడా పోయలేదు. అదీ మంచిదే అయినది. గొంతు వాచిన పిల్లి నోట్లో చెంచాతో పాలు గాని నీళ్ళు గాని పోస్తే అవి ఊపిరితిత్తులలోకి దిగుతాయి. మేము పిల్లిని వెదురు గంపలో, చీకటిగా చల్లగా ఉన్న మూలన పెట్టి గడియారం ముందు కూర్చున్నాము. విశ్రాంతిగా ఉన్న పిల్లి నిమిషానికి 20 నుండి 30 సార్లు ఊపిరి తీస్తుంది. ప్రక్క ఎముకలు ఒకసారి లేచి పడితే ఒకటి అని లెక్క. మొదట 30 ఉన్నది. పావుగంటకు 38 అయినది. మరి పది నిమిషాలకు 50 దాటింది. మెడ ముందుకు చాచి, నోరు తెరచి ఊపిరి తీయనారంభించింది. కుక్క నోరు తెరచి రొప్పుట మామూలే. పిల్లి అట్లా రొప్పిందంటే ప్రమాద ఘంట మ్రోగినట్లే. ఇక ఇంట్లో చేయదగినది ఏమీ లేదు.

టోల్‌గేటు దగ్గర ఆటో నడిపే తమ్ముని పిలిచాము. నిజామాబాద్ ఇరవై కిలోమీటర్ల చిల్లర. బయలుదేరకముందే వైద్యునికి ఫోను చేసి “కందిరీగ కుట్టిన పిల్లి వస్తున్నది, ఊపిరి ఆడుట లేదు” అని చెప్పాము. మనం చేరే లోపల వారు సూది సిద్ధం చేసికొంటారు. గంపకు పలుచని గుడ్డ కప్పాము. పిల్లిని చేతులలో బిగించలేదు, వెల్లకిల పడుకోబెట్టలేదు. అది ఎట్లా కూర్చుంటే ఊపిరి ఆడుతుందో దానికే తెలుసు. డిచ్‌పల్లి దాటే వరకు అవ్వ నోట మాట రాలేదు. దాటిన తరువాత మెల్లగా, “వాడు ఫోన్ చేస్తే ఏం చెప్పాలె?” అన్నది. మేము ఆమె చేయి పట్టుకొన్నాము. ఆ ఘడియలో చెప్పుటకు మా దగ్గరా మాట లేదు.

వైద్యుడు పిల్లిని బల్ల మీద పెట్టగానే అడిగిన మొదటి ప్రశ్న, “నోట్లో ఏమన్నా గోళి వేసినారా?”

“ఏం వెయ్యలేదు సారూ. అయ్యగారు ముడి ఇప్పనియ్యలేదు” అన్నది అవ్వ.

“అయితే బ్రతికించుకొందాం” అని ఆయన సూది అందుకొన్నారు. ప్రాణవాయువు పెట్టారు. గంట గడచేసరికి నోరు మూసికొని ఊపిరి తీసింది. తగ్గినట్లే తగ్గి కొన్ని గంటల తరువాత మళ్ళీ తిరగబెట్టవచ్చునని సాయంత్రం వరకు అక్కడే ఉంచుకొన్నారు. రాత్రి కూడా కనిపెట్టి చూడమన్నారు. అవ్వ ఆ రాత్రి నిద్రపోలేదు. రాణి మాత్రం హాయిగా నిద్రపోయింది.

ఒక్క కందిరీగకు ఇంత ఉపద్రవం ఎందుకు రావాలి? ఒక పిల్లికి మూతి వాచి ఊరుకొంటే మరొకదానికి ఊపిరి ఎందుకు ఆగాలి? ఈ రహస్యాన్ని మొదట గుర్తించినవారు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పాల్ పోర్టియే. వారు ఒక సముద్ర జీవి విషాన్ని కుక్కలకు ఎక్కించి పరీక్షించారు. మొదటిసారి తట్టుకొని కోలుకొన్న కుక్క, కొన్ని వారాల తరువాత కొద్దిపాటి విషం ఇచ్చినా నిమిషాలలో చనిపోయింది. 1902లో వారు దీనికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. ఈ పనికి రిషేకు 1913లో నోబెల్ బహుమానం వచ్చింది. శరీరం ఒకసారి చూచిన విషాన్ని గుర్తు పెట్టుకొని, రెండవసారి శత్రువు మీద విరుచుకుపడబోయి తన ఇల్లే తగులబెట్టుకొంటుంది. పిల్లులలో ఆ మంట ముఖ్యంగా ఊపిరితిత్తులకు, ప్రేగులకు తగులుతుంది. కాబట్టి “పోయిన ఏడు కుడితే ఏమీ కాలేదు” అన్న ధైర్యం పనికిరాదు. ఒకసారి ఎక్కువగా వాచిన పిల్లికి మరుసటిసారి వేచి చూడకుండానే బయలుదేరుట క్షేమం.

మూడవ ఇల్లు చెరకు రసం బండి నడిపే చిన్న వయసు దంపతులది. బండి మీద ముసిరిన కందిరీగల మీద పురుగుల మందు పిచికారీ చేశారు. పడి గిలగిలలాడే ఈగలను వారి పిల్లి ఏరి తిన్నది. గంటకు చొంగ కారుస్తూ, కాళ్ళు, చెవులు అదురుతూ నడవలేకపోయింది. ఇక్కడ అసలు శత్రువు కందిరీగ కాదు, మందు. ఇంటి పురుగుల మందులలో చాలావాటిలో ఉండే పైరెత్రాయిడ్ జాతి మందులను కూడా పిల్లి కాలేయం సరిగా విరుచుకోలేదు. కుక్కల పిడుదులకు పోసే మందు పిల్లికి పోయరాదనుటకూ కారణం అదే. ఆ దంపతులు తెలివిగా ఒక పని చేశారు. మందు డబ్బాను కూడా పిల్లితో పాటు పశువుల దవాఖానకు పట్టుకపోయారు. డబ్బా మీది పేరు చూచి వైద్యుడు వెంటనే చికిత్స మొదలుపెట్టగలిగాడు. ఆ పిల్లి కోలుకొనుటకు మూడు రోజులు పట్టింది. పొలంలో మందు కొట్టిన దినాలలో కూడా పిల్లిని ఒక కంట కనిపెట్టాలి. కుట్టిన గుర్తు లేకుండా అదురు, తూలు కనబడితే ఈగ మీద నెపం వేసి కూర్చోరాదు.

నాలుగవది మా ఇల్లు. ఒక మధ్యాహ్నం మా చిన్నమ్మాయి పరుగెత్తుకొని వచ్చి, “డాడీ, చుక్కి తేనెటీగను మింగేసింది! ఉప్పునీళ్ళు తాగించి కక్కిద్దామా?” అన్నది. కక్కించరాదమ్మా అని చెప్పాము. ఈగ లోపల ఉంటే హాని లేదు. కక్కించబోతే ఉప్పు అధికమై పిల్లికి చేటు, వాంతి ఊపిరి దారిలోకి పోతే మరొక చేటు. మూడు ఇండ్ల పాఠం ముందే నేర్చియున్నాము గనుక తొందరపడలేదు. మా శ్రీమతి గది తలుపు మూసి, పిల్లి మంచం క్రిందికి దూరకుండా చూచింది. చీకటి మూలలో దూరిన పిల్లి ఊపిరిని లెక్కించలేము కదా! వెలుతురులో దాని పెదవులు, ముక్కు, బుగ్గలు చూచాము. అది ఆవులించినప్పుడు లోపలికి తొంగి చూచాము. వ్రేలు మాత్రం నోట్లో పెట్టలేదు.

ఈ మాట గట్టిగా చెప్పవలసియున్నది. నొప్పితో ఉన్న పిల్లి తన యజమానినే కరుస్తుంది. దానిలో దాని తప్పు లేదు. నాలుక మీదో అంగిట్లోనో ముల్లు ఉన్నదనిపిస్తే వైద్యుడే మత్తు ఇచ్చి తీయాలి. పిల్లి కరచినా, గోరు గీరి నెత్తురు వచ్చినా, సబ్బుతో ధారగా పారే నీటి క్రింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ దవాఖానకు పోయి రేబిస్ టీకా గురించి అడగాలి. పిల్లిని కాపాడబోయి బిడ్డను ఆపదలో పెట్టకూడదు.

చుక్కి అరగంట చొంగ కార్చింది, మూతి తుడుచుకొన్నది. ఊపిరి 28 దాటలేదు. చిగుళ్ళు గులాబి రంగులోనే ఉన్నాయి. రెండు గంటలకు చల్లని నీళ్ళు గిన్నెలో పెడితే తానే త్రాగింది. సాయంత్రం చల్లార్చిన మెత్తని కోడిమాంసం, ఉప్పు కారం లేనిది, తిన్నది. మరునాటి వరకు కనిపెట్టి చూచాము. మా అమ్మాయి తన లెక్కల నోటుబుక్కులో ప్రతి పావుగంటకు ఊపిరి లెక్క వ్రాసింది. ఆ పేజీ ఇప్పటికీ ఉన్నది.

ఇక ఎప్పుడు ఆలస్యం చేయకుండా పశువైద్యుని దగ్గరకు పోవాలో ఒక్కచోట చెబుతాము. నోరు తెరచి ఊపిరి తీసినా, ఊపిరిలో ఈల వంటి చప్పుడు వచ్చినా, కదలకుండా కూర్చున్నా నిమిషానికి 40కి పైగా ఊపిరి తీసినా. నాలుక గాని గొంతు గాని వాచినా. చిగుళ్ళు పాలిపోయినా, నీలబడినా. మళ్ళీ మళ్ళీ కక్కినా, విరేచనమైనా. తూలినా, స్పృహ తప్పినా. ఒక ఈగ కాక తుట్టె కదలి అనేకం కుట్టినా, వెంటనే పోవాలి. చాలాసార్లు ఇవి నిమిషాలలోనే కనబడతాయి, కొన్నిసార్లు గంటల తరువాత. కాబట్టి మొదటి గంట ప్రక్కన కూర్చోవాలి, ఆ దినమంతా కన్ను వేసి ఉంచాలి. కూన అయినా, ముసలి పిల్లి అయినా త్వరపడాలి. పిల్లి పట్టినది తేలు అయితే మాత్రం గుర్తుల కోసం వేచి చూడకండి. పంజా మీద కుట్టినా నోట కుట్టినా వైద్యునికి చూపించండి.

అవ్వ పిల్లిని ఆటోలో తీసుకుపోయిన సంగతి తెలిసి ఒక సోదరుడు మాతో, “పిల్లికి కూడా ఆటో కిరాయా అయ్యగారూ? ఊళ్ళో పిల్లులకు కొదువా?” అన్నాడు. ఆయన కఠినుడు కాడు. కష్టపడి రూపాయి సంపాదించేవాని ప్రశ్న అది. మేము ఆయనతో వాదించలేదు. ఊళ్ళో పిల్లులు చాలా ఉన్నాయి గాని, అవ్వ ఇంట్లో ఒక్కటే ఉన్నది అన్నాము. సామెతల గ్రంథము 12వ అధ్యాయము 10వ వచనము తీసి చూచుకొనండి. నీతిమంతుని గుర్తులలో ఇంటి మూగజీవాన్ని పట్టించుకొనుట ఒకటిగా అక్కడ కనబడుతుంది. ధనవంతుని గుర్తు అని లేదు. మొదటి గంట కనిపెట్టి కూర్చొనుటకు డబ్బు అక్కరలేదు. తెలియని గోళి వేయకుండా చేయి ఆపుకొనుటకూ డబ్బు అక్కరలేదు. చాలా పిల్లులకు ఆ రెండే చాలు. మిగిలిన కొద్దివాటికే ఆటో కావాలి.

రాకుండా చేసికొనే ఉపాయాలూ ఉన్నాయి. చితికిన పండ్లను, చెరకు పిప్పిని వాకిట కుప్ప వేయకుండా ఎత్తి పారవేయండి. చూరు క్రింద కందిరీగ గూడు చిన్నదిగా ఉన్నప్పుడే, తెలిసినవారి చేత, పిల్లలనూ పిల్లినీ గదిలో ఉంచి తీయించండి. మందు కొట్టితే, రాలిన ఈగలను ఊడ్చి పాతిపెట్టిన తరువాతే పిల్లిని విడువండి. ఇంటి గోళీల డబ్బాకు మూత బిగించండి.

మీకు దగ్గరలోని పశువుల దవాఖాన ఎక్కడ, అది ఏ వేళలలో తెరచి ఉంటుంది, వైద్యుని ఫోను నంబరు ఏమిటి అనేవి ఈ వారమే కనుగొని, గోడ క్యాలెండరు మీద పెద్ద అక్షరాలతో వ్రాయండి. రాత్రి పూట పిలిస్తే వచ్చే ఆటో తమ్ముని నంబరు దాని క్రింద వ్రాయండి. వాటి క్రింద మరొక పంక్తి చేర్చండి: ముందు ఊపిరి లెక్కించు, నోట్లో ఏమీ వేయకు. చదువు రాని అవ్వలు, తాతలు ఇంట్లో ఉంటే ఆ పంక్తిని వారికి రెండుసార్లు చదివి వినిపించండి.